తిమ్మిర్లు, నొప్పులు – నాలుగో పాఠం: "చెయ్యంతా అండీ" అంటే కుదరదు

ముందు పోయినసారి గొడవ తేల్చుకుందాం, తర్వాతే కొత్త పాఠం. మూడో పాఠంలో నేనడిగింది చిన్న పని. తిమ్మిరి ఉన్నచోట దూదితో మెల్లగా రాసుకుంటూ పోండి, స్పర్శలో తేడా ఎక్కడ మొదలైందో అక్కడ బాల్‌పెన్నుతో గీత గీసుకోండి, ఫొటో తీసి పెట్టుకోండి అన్నా. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకటే మాట, "చెయ్యంతా అండీ". ఒకావిడైతే భుజం నుంచి గోళ్ళదాకా చెయ్యి మొత్తం పెన్నుతో నింపేసి ఫొటో పంపింది, గోరింటాకు పెట్టుకున్నట్టుంది. తప్పు ఆవిడది కాదులెండి. అర్ధరాత్రి లేచి కూర్చుంటే నిజంగానే చెయ్యంతా మొద్దుబారినట్టే అనిపిస్తుంది. అందుకే పగలు తీరిగ్గా కూర్చుని దూదితో చూసుకోమన్నది.

ఇంకొకాయన ఇంట్లో దూది లేదని పిన్నీసుతో చూసుకున్నాడు, కాలికి. పదేళ్ళుగా షుగరు. గుచ్చితే తెలీలేదు, ఇంకాస్త గట్టిగా గుచ్చాడు, అప్పుడూ తెలీలేదు. పొద్దున దుప్పటి మీద రక్తం మరక చూసి వాళ్ళావిడ గొడవ పెడితే బయటపడింది, మూడో రోజుకి వేలు వాచింది, డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. ఇప్పుడు మానిపోయింది. ఇందులో తప్పు నాదే, దూది అని రాశాను గానీ సూదులు, పిన్నీసులు వద్దని రాయలేదు. ఇప్పుడు రాస్తున్నా, పదునైనది ఏదీ వద్దు, వేణ్ణీళ్ళతో చూసుకోవడమూ వద్దు, కాలుతున్నా తెలీదు. కానీ ఆయన పొరపాటున ఒక పెద్ద విషయం కనిపెట్టాడు చూడండి, నొప్పి లేకపోవడమే ఆయన రోగం. ఈ పాఠం మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది.

సరే, ఇక చేతి సంగతి. ఇరవై ఏళ్ళకి పైగా ఫిజియోథెరపీ చేశాక నాకు పట్టుబడిన అడ్డదారి ఒకటుంది, చెయ్యి తిమ్మిరి అని ఎవరొచ్చినా నేను మొదట అడిగేది చిటికెన వేలు గురించే. మిగతా వేళ్ళన్నీ తిమ్మిరెక్కినా చిటికెన వేలు మామూలుగా ఉందా? అయితే అనుమానం మణికట్టు మీద. అక్కడ ఇరుకు సందులోంచి వెళ్ళే నరం బొటనవేలికీ, చూపుడు వేలికీ, మధ్య వేలికీ, ఉంగరం వేల్లో సగానికీ స్పర్శనిస్తుంది, చిటికెన వేలు దాని పరిధిలో లేదు. దీన్నే కార్పల్ టన్నెల్ అంటారు. రాత్రి రెండింటికో మూడింటికో మెలకువొస్తుంది, చెయ్యి విదిలిస్తే హాయిగా ఉంటుంది, మళ్ళీ పడుకుంటే మళ్ళీ మొదలు. కుట్టుమిషను పని చేసేవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, గర్భిణీలు, థైరాయిడ్ తక్కువున్నవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు, వీళ్ళలో ఎక్కువ చూస్తాం. రాత్రి పూట మణికట్టు వంగకుండా పట్టీ వేసుకుంటే మొదట్లోనే పట్టుకున్నవాళ్ళకి చాలామందికి తగ్గుతుంది. బొటనవేలి కింద ఉండే కండ దిబ్బ చదునైపోయిందా, చొక్కా గుండీ పెట్టుకోవడం రావట్లేదా, ఇంక పట్టీతో కాలక్షేపం చెయ్యకండి, డాక్టరు దగ్గరికెళ్ళండి.

అదే చిటికెన వేలూ, దాని పక్క సగం ఉంగరం వేలూ అయితే మోచెయ్యి చూడాలి. మోచెయ్యి గోడకి తగిలితే జివ్వుమని చిటికెన వేలిదాకా పాకుతుంది కదా, ఆ నరమే. చెయ్యి మడిచి గంటలు గంటలు ఫోన్ పట్టుకునేవాళ్ళు, మోచెయ్యి టేబుల్ మీద ఆనించి కూర్చునేవాళ్ళు, మీకే చెప్తున్నా.

ఉంగరం వేలు ఎందుకు సగం సగం అంటున్నానో పోయినసారి ఒకరడిగారు, మంచి ప్రశ్న. ఆ వేలికి రెండు పక్కలా దూది రాసి చూడండి. మధ్య వేలి వైపు మొద్దుగా ఉండి చిటికెన వేలి వైపు బావుంటే, తేడా మణికట్టు దగ్గరే ఉండే అవకాశం ఎక్కువ, మెడలో నరం నొక్కుకుంటే వేలు అలా నిలువునా చీలినట్టు రెండుగా విడిపోదు. మెడ ఎక్స్‌రే, మెడ పట్టీ, మెడ కరెంటు వైద్యం అన్నీ అయ్యాక మణికట్టని తేలినవాళ్ళని నేను చాలామందిని చూశా. ఒక వేలు, రెండు పక్కలు, అర నిమిషం పని.

ఇక నాకు ఒళ్ళు మండే సంగతి. నరం అనే మాట.

చేతి మీద ఆకుపచ్చగా ఉబ్బి కనిపించేదాన్ని నరం అంటాం. సెలైన్ నరానికి ఎక్కించారు అంటాం. అది నరం కాదు, సిర, రక్తం పోయే గొట్టం. మెడ బిగుసుకుంటే నరం పట్టేసింది అంటాం, అది కండ. పిడికిలి బిగిస్తే మణికట్టు దగ్గర తాళ్ళలా లేచేవాటిని నరాలంటాం, అవి టెండన్లు, కండని ఎముకకి కట్టే తాళ్ళు. పిక్క పట్టేస్తే నరం మీద నరం ఎక్కింది అంటాం, ఎక్కడా నరం మీద నరం ఎక్కదండీ, అది కండ కొంకర్లు పోవడం. మన భాషలో ఒకే మాట నాలుగు పన్లు చేస్తోంది, మామూలు కబుర్లలో ఏ ఇబ్బందీ లేదు, డాక్టరు గదిలోకి వెళ్ళాకే చిక్కు. మాకు తెలిసిన పెద్దాయనకి కాళ్ళ మీద నీలంగా వంకర్లు తిరిగి ఉబ్బాయి, నరాలు ఉబ్బాయి కాబట్టి నరాల డాక్టరే కదా అని న్యూరాలజీలో టోకెన్ తీసుకుని పూటంతా కూర్చున్నాడు. అవి వెరికోస్ వీన్స్, రక్తనాళాలు చూసే సర్జన్ దగ్గరికెళ్ళాలి.

దీనికి తమ్ముడు "నరాల వీక్‌నెస్". చెయ్యి వణికినా అదే, నీరసమొచ్చినా అదే, నిద్ర పట్టకపోయినా అదే, పెళ్ళయిన కుర్రాడు సిగ్గుపడి చెప్పుకోలేని బాధ ఉన్నా అదే. ఆ పేరు పెట్టగానే మందుల షాపులో బలం బిళ్ళలు, లేదంటే వారానికో ఎర్ర ఇంజక్షను. అది బీ12. బీ12 లోపం నిజంగా ఉన్నదే, పూర్తి శాకాహారులకీ, మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతున్న షుగరు పేషెంట్లకీ, గ్యాస్ బిళ్ళ రోజూ వేసుకునేవాళ్ళకీ రావచ్చు, వస్తే తిమ్మిర్లతో ఆగదు, కళ్ళు మూసుకుని మొహం కడుక్కుంటుంటే తూలిపోతారు. కానీ ముందు రక్తపరీక్షకి ఇచ్చి తర్వాత ఇంజక్షను చేయించుకోండి. చేయించుకుని పరీక్షకెళ్తే రిపోర్టులో బీ12 బ్రహ్మాండంగా కనిపిస్తుంది, అసలు లోపం ఉండిందో లేదో ఇంక ఎవరూ చెప్పలేరు. ఇంకో మాట, ఈ బలం బిళ్ళల్లో ఉండే బీ6 ఎక్కువ మోతాదులో చాలాకాలం పడితే అదే తిమ్మిర్లు తెప్పిస్తుంది. తిమ్మిరికని వేసుకున్న బిళ్ళే తిమ్మిరికి కారణం. నవ్వాలో ఏడవాలో.

కాబట్టి డాక్టరు దగ్గర నరం అనే మాటే ఎత్తకండి. ఇక్కడ్నుంచి ఇక్కడిదాకా అని వేలితో చూపించండి. ఎలా ఉందో మాత్రం మన మాటల్లోనే చెప్పండి, మంట, పోటు, సలుపు, గుంజుడు, చీమలు పాకినట్టు, దూది మీద నడుస్తున్నట్టు, వీటిలో ఒక్కోటి ఒక్కో దారి చూపిస్తుంది. "పెయిన్‌గా ఉంది డాక్టర్" అంటే ఏ దారీ లేదు.

ఇప్పుడు మా బావ సంగతి. నడుం నుంచి పిరుదు మీదుగా కాలి బొటనవేలిదాకా లాగేసే నొప్పి, దగ్గితే ప్రాణం పోయినంత పని, సయాటికా అన్నారు, అంటే నడుం దగ్గర కాల్లోకి దిగే నరం నొక్కుకోవడం, రెండు నెలలు అవస్థపడ్డాడు. ఓ వారం ఉన్నట్టుండి నొప్పి తగ్గిపోయింది. అక్క ఫోన్ చేసి ఫలానా నూనె పనిచేసిందిరా అని సంబరం. నేనడిగింది ఒకటే, బావ చెప్పు జారుతోందా? ఆవిడకి అర్థం కాలేదు. హవాయి చెప్పు నడుస్తుంటే కాల్లోంచి జారిపోయి, నాలుగడుగులేశాక గానీ తెలీట్లేదా అని. అవును, రెండుసార్లు గుడి దగ్గర అలాగే అయింది అంది. మడమ మీద నిలబడి పాదం పైకెత్తమంటే ఎత్తలేకపోయాడు. నొప్పి తగ్గింది నరం బాగుపడి కాదు, నరం పనిచెయ్యడం మానేస్తోంది కాబట్టి. ఆ వారంలోనే ఆపరేషన్ అయింది, పాదం లేవడానికి మళ్ళీ నెలలు పట్టింది. నొప్పి తగ్గి మొద్దుబారడం, బలం తగ్గడం మొదలైతే అది తగ్గడం కాదు. నొప్పిగా ఉన్నంతకాలం ఆస్పత్రుల చుట్టూ తిరిగి, సరిగ్గా వెళ్ళాల్సిన రోజున ఇంట్లో కూర్చుంటాం.

మచ్చల గురించి. పోయినసారి దూది పరీక్ష చేస్తూ ఒక డిగ్రీ కుర్రాడు ముంజేతి మీద రాగి రంగు మచ్చ ఒకటి గమనించాడు, దాని మీద దూది తెలీట్లేదు. తామర అనుకుని ఆర్నెల్లుగా ఏదో ఆయింట్‌మెంట్ రాస్తున్నాడట. తామరైతే దురద పెడుతుంది. దురద లేక, చెమట పట్టక, వెంట్రుకలు పల్చబడి, స్పర్శ లేని మచ్చ ఉంటే కుష్ఠు అనుమానించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి. దేశం మొత్తం మీద 2005 చివరికి పదివేలమందికి ఒకరికన్నా తక్కువకి తగ్గిందని ప్రకటించారు, తగ్గింది అంటే పోయిందని కాదు. మందులు ఉచితం, మచ్చలు కొద్దిగా ఉంటే 6 నెలలు, ఎక్కువుంటే 12 నెలలు, పూర్తిగా నయమవుతుంది. కుర్రాడు వెళ్ళాడు, మందు మొదలుపెట్టారు, హాస్టల్లో ఎవరికీ చెప్పలేదట. అది అతనిష్టం.

ఛాతీకి ఒకే పక్క పట్టీ కట్టినట్టు మంట, చొక్కా తగిలినా భగ్గుమంటుంటే సర్పి (డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అంటారు) కావచ్చు, పొక్కులు రెండుమూడు రోజుల తర్వాత లేస్తాయి. లేచిన 72 గంటల్లోపు మందు మొదలుపెడితే మేలు. జాజు పూయించుకోవడం మీ ఇష్టం, మందు మాత్రం మానకండి. అయితే ఛాతీ బరువుగా నొక్కేస్తూ ఎడంచేతికో దవడకో పాకుతూ చెమటలు పడితే సర్పీ కాదు, గ్యాసూ కాదు, వెంటనే 108.

108 అన్నాం కాబట్టి మిగతా పరుగులు కూడా ఇక్కడే. ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యీ కాలూ మొహమూ మొద్దుబారి, మాట ముద్దగా వచ్చి, మూతి వంకరపోతే పక్షవాతం, రక్తం గడ్డ కరిగించే ఇంజక్షను ఇవ్వగలిగేది ఈ లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే. స్కాన్‌కీ టైం పడుతుంది, అంటే మీ చేతిలో ఉన్నది ఇంకా తక్కువ. పది నిమిషాల్లో దానంతటదే సర్దుకున్నా అదే రోజు వెళ్ళాలి, అది రాబోయేదానికి ముందస్తు కబురు కావచ్చు. నడుం నొప్పితో పాటు సైకిల్ సీటు తగిలే చోటంతా మొద్దుబారి, ఒంటేలు రాకుండా బిగుసుకుపోయినా, తెలీకుండా పోయినా అది అత్యవసరం, తెల్లారేదాకా ఆగకూడదు. ఈ లక్షణం సిగ్గుతో దాచుకుంటారు, ముఖ్యంగా ఆడవాళ్ళు, అందుకే ఇంట్లో ఎవరో ఒకరు అడగాలి. జ్వరమో విరేచనాలో తగ్గిన వారం పది రోజులకి పాదాల్లో మొదలైన తిమ్మిరి, నీరసం రోజురోజుకీ పైకి పాకుతుంటే జీబీఎస్ (గిలన్ బారీ సిండ్రోమ్, ఒంట్లోని రోగనిరోధక శక్తే నరాల మీద దాడి చేసే జబ్బు) కావచ్చు, 2025 మొదట్లో పుణెలో వార్తలొచ్చాయే, అదే. ఊపిరి దాకా పోతే వెంటిలేటర్ కావాలి. ఇంకోటి పల్లెల్లోవాళ్ళకి. వానాకాలం నేల మీద పడుకుని, తెల్లవారుజామున కారణం తెలీని కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలిపోతూ మింగలేకపోతుంటే కట్లపాము కాటు అనుకోండి. దాని గాటు చాలాసార్లు కనపడదు, నొప్పీ ఉండదు. మంత్రం పేరుతో ఒక్క నిమిషం కూడా పోగొట్టకండి.

ప్రాక్టీసు ఈసారి కాస్త ఎక్కువే. చెయ్యి తిమ్మిరి ఉన్నవాళ్ళు 14 రాత్రులు దిండు పక్కన నోటు పుస్తకం పెట్టుకోండి. మెలకువొచ్చిన టైం, ఏ వేళ్ళు, చిటికెన వేలికి తిమ్మిరి ఉందా లేదా, మణికట్టు ఎలా వంగి ఉంది, విదిలిస్తే తగ్గిందా. ఫోన్లో వద్దు, ఫోన్ తీస్తే నిద్ర చెడుతుంది, పైగా మోచెయ్యి మడుస్తారు.

ఇంట్లో షుగరు ఉన్నవాళ్ళ కాళ్ళు చూడండి, పిన్నీసు లేకుండా. వాళ్ళని కళ్ళు మూసుకోమని, ఒక్కో కాలికి బొటనవేలు, మధ్య వేలు, చిటికెన వేలు, ఈ మూడింటి కొసల మీద మీ చూపుడు వేలు ఒకటి రెండు సెకన్లు ఊరికే ఆనించండి. నొక్కొద్దు, తట్టొద్దు, గిలిగింతలు పెట్టొద్దు, తెలీలేదంటే మళ్ళీ ముట్టుకుని చూడొద్దు. వరసగా కాకుండా అటోటి ఇటోటి. ముట్టుకున్నప్పుడల్లా కుడి, ఎడమ అని వాళ్ళే చెప్పాలి. ఆరింట్లో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలీకపోతే ఈ వారంలోనే డాక్టరుకి చూపించండి, ఆ రోజు నుంచే ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా నడవనివ్వకండి. కనీసం ముగ్గురికి చేసి రాయండి, ఒకరికి చేస్తే చెయ్యి కుదరదు.

పిన్నీసు ఆయన మాత్రం ఈసారి ఏమీ చెయ్యక్కర్లేదు. ఆయన కాళ్ళు వాళ్ళావిడ చూసి నాకు రాస్తుంది, ఒప్పుకుంది.