సిగరెట్ మానేసిన వారంలో వచ్చే గాబరాకి ఏం చేయాల

మాది అనంతపురం. పొద్దున ఉగ్గాని బజ్జి తిన్నాక ఒకటి, పదకొండుకి టీతో ఒకటి, అట్ల రాత్రికి పదిహేను దాకా అయ్యేవి. మూడుసార్లు మానేసినా, మూడుసార్లూ మళ్లీ పట్టుకున్నా. కారణం ఒకటే, గాబరా. రెండో రోజుకే గుండె దడ, రాత్రి నిద్ర పట్టదు, ఇంట్లో ఎవరేమన్నా గయ్‌మని లేయడం, "నాకు సిగరెట్ లేకుంటే టెన్షన్ తగ్గదబ్బా" అని నాకు నేనే చెప్పుకుని బంకు కాడికి పోయేవాణ్ణి. నాలుగోసారికి నిలబడింది.

ముందు ఒక్క విషయం బుర్రకెక్కాల. దమ్ము లాగిన 10, 20 సెకన్లలో పొగాకులో ఉండే నికోటిన్ మెదడుకి చేరుతుంది, హాయిగా ఉంటుంది. కానీ రక్తంలో అది రెండు గంటలకే సగమైపోతుంది, అప్పుడు మొదలయ్యే చిరాకు, దడ ఆఫీసు టెన్షన్ అనుకుంటాం, ఇంకోటి ముట్టించంగానే తగ్గుతుంది కాబట్టి సిగరెట్ గొప్పది అనుకుంటాం. పిల్లోణ్ణి గిల్లి తొట్టిల ఊపినట్టు, గిల్లింది కూడా అదే. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 26 అధ్యయనాలు కలిపి చూసినారు, మానేసినోళ్లకి ఆందోళన, డిప్రెషన్, ఒత్తిడి తగ్గినాయి, తాగుతానే ఉన్నోళ్లకి అంత తగ్గలేదు.

మొదటి మూడు రోజులు చాలా కష్టం, తర్వాత మెల్లగా దిగి రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి సర్దుకుంటుంది. కాబట్టి ఇంట్లో పెళ్లి ఉన్న వారమో, ఆఫీసులో ఆడిట్ ఉన్న వారమో మొదలుపెట్టద్దండి. ఇంట్లో వాళ్లకి కూడా ముందే చెప్పండి, "వారం రోజులు నా మాటలు పట్టించుకోవద్దు" అని.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి, టీ. పొగలో ఉండే కొన్ని పదార్థాల వల్ల లివర్ టీలో ఉండే కెఫీన్‌ని తొందరగా కరిగించేస్తాంటుంది, పొగ ఆపేస్తే ఆ స్పీడు తగ్గిపోతుంది, అంటే మీరు తాగేది అదే ఐదు టీలైనా ఒంట్లో కెఫీన్ ముందుకంటే చాలా ఎక్కువసేపు ఉంటుంది. చేతులు వణకడం, దడ, నిద్ర లేకపోవడం, వీటిలో కొంత ఈ టీ పనే, మనం మాత్రం అంతా సిగరెట్ లేకనే అనుకుంటాం. నేను మూడుసార్లు ఓడిపోయింది సగం ఇక్కడే అని నా అనుమానం, ఎందుకంటే సిగరెట్ మానేసిన బాధకి టీలు పెంచేవాణ్ణి! ఈసారి సగానికి తగ్గించినా, సాయంత్రం తర్వాత బంద్, మజ్జిగే. రెండో రోజే తేడా తెలిసింది.

తాగాలనే ఊపు వస్తే అది మామూలుగా ఐదు, పది నిమిషాల్లో దిగిపోతుంది, గెలవాల్సింది ఆ పది నిమిషాలే. మనకి బుడ్డలకి (వేరుశనక్కాయలకి) కరువా, వేయించినవి జేబులో పెట్టుకోండి, ఒక్కొక్కటి ఒలుచుకుంటా తినండి, చేతికీ నోటికీ రెండిటికీ పని. లేదంటే లేచి నడవండి. ఊపిరి పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు ఉండేట్టు పది సార్లు చేయండి, సిగరెట్‌తో వచ్చే నెమ్మదిలో కొంత ఈ ఊపిరిదే.

తాగాలనే ఊపు తగ్గడానికి నమిలే నికోటిన్ గమ్ మెడికల్ షాపులో దొరుకుతుంది, 2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాములు. లేచిన అరగంటలోపే మొదటిది ముట్టించేవాళ్లకి మామూలుగా 4 చెప్తారు. బబుల్‌గమ్ నమిలినట్టు నమలద్దు, ఎక్కిళ్లు, కడుపులో మంట, నేను పడినా. నాలుగుసార్లు నమిలి ఘాటు తెలియంగానే దవడ పక్కన పెట్టేయాల, ఘాటు పోతే మళ్లీ నమలాల. అంతకుముందు పావుగంట, అది నోట్లో ఉన్నంతసేపు టీ, కూల్‌డ్రింక్ వద్దు, మందు సరిగ్గా ఎక్కదు. గుండె జబ్బు ఉన్నోళ్లు, గర్భంతో ఉన్నోళ్లు డాక్టర్ని అడగకుండా వాడద్దు.

మానసిక సమస్యలకి మాత్రలు వాడేవాళ్లు మానేసే ముందే డాక్టర్‌కి చెప్పండి, టీ విషయంలో జరిగినట్టే కొన్ని మందుల మోతాదు కూడా మారాల్సొస్తుంది. దడతో పాటు ఛాతీలో నొప్పి వస్తే మాత్రం గాబరాలే అని కూర్చోకుండా ఆసుపత్రికి పోండి. నెల దాటినా గాబరా తగ్గకపోతే అది సిగరెట్‌కి ముందునుంచే ఉన్నదేమో, దానికి వేరే వైద్యం ఉంది. మనసు బాధ గురించి ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, సిగరెట్ మానడానికి క్విట్‌లైన్ 1800-11-2356, రెండూ ఫ్రీనే.