స్టార్లు వేలల్లో, జవాబిచ్చేవాళ్లు శూన్యం: ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నిలకడ తేల్చుకోవడం (సమస్య - పరిష్కారం)

గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్లకు బిల్లింగ్, కోల్డ్ స్టోరేజీలకు టిక్కీల లెక్క, సూర్యారావుపేట ఆసుపత్రులకు ఓపీ రిజిస్టరు, కాలేజీలకు లైబ్రరీ. బెజవాడ, గుంటూరు చిన్న టీముల చేతికి వచ్చే పనులు ఎక్కువగా ఇలాంటివే. వాటిలో మనం రాసేది పైన కొంచెం. కింద బరువు మోసేదంతా ఎవరో రాసి అందరికీ వదిలిన ఓపెన్ సోర్స్ కోడ్. అది నడిచినన్నాళ్లు దాని ఊసే ఎత్తం. ఫిబ్రవరిలో యార్డుకు సరుకు పోటెత్తే వేళ ఏదో ఒకటి మొరాయిస్తుంది. అప్పుడు ప్రాజెక్టు పేజీ తెరిచి చూస్తే పట్టించుకునే నాథుడు ఉండడు.

కోడ్ పెట్టుకునే సైటు గిట్‌హబ్‌లో పడే స్టార్లు ఎంతమందికి నచ్చిందో చెబుతాయి, అంతే. నిర్ణయం ఎవరిది, కొత్త వెర్షన్ రిలీజ్ చేసే హక్కు ఎవరికుంది, ఆ మనిషి తప్పుకుంటే ఎవరు అందుకుంటారు అన్నది అవి చెప్పవు. కింద రాసిన తలనొప్పులన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

లక్షణం: రోజూ కమిట్లు (కోడ్‌లో మార్పులు) పడుతున్నాయి, మన ఇష్యూకి (ఫిర్యాదుకు) మాత్రం ఉలుకూ పలుకూ లేదు

పీడీఎఫ్ బిల్లులో ‘మిర్చి’ అనే మాట సరిగ్గా పడట్లేదనుకుందాం. చ వత్తు ర కిందకు దిగదు. పొల్లుతో ర ఒకచోట, చి ఇంకోచోట విడివిడిగా నిలబడతాయి. పీడీఎఫ్ తయారుచేసే లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్) అక్షరాల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతోంది తప్ప, హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ ఇంజన్‌కి (వత్తులు, గుణింతాలు కూర్చిపెట్టే ప్రోగ్రాంకి) అప్పగించట్లేదు. తెలుగుకే కాదు, హిందీకీ తమిళానికీ ఇదే గతి. ఎవరో ప్యాచ్ (సరిచేసిన కోడ్) కూడా పంపారు. అది ఏళ్ల తరబడి అలాగే పడి ఉంది. పేజీ చూస్తే మాత్రం నిన్న కూడా కమిట్ పడినట్టు చూపిస్తోంది.

కారణం: ఆ కమిట్లను తెరిచి చూడండి. చాలాసార్లు అవి డిపెండాబాట్ లాంటి బాట్లు (తమంతట తామే నడిచే ప్రోగ్రాములు) వేసినవే, ఏదో వెర్షన్ నంబరు మార్చి ఉంటాయి. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో షార్ట్‌లాగ్ కమాండ్‌ను గత ఏడాదికే పరిమితం చేసి, మెర్జ్‌లు (శాఖలు కలిపిన కమిట్లు) వదిలేసి నడిపితే ఎవరు ఎన్ని కమిట్లు వేశారో వరుసగా వస్తుంది. బాట్ల పేర్లు కొట్టేయండి. మిగిలిన దాంట్లో సింహభాగం ఒక్కరిదే అయితే, ఆయన ఉద్యోగం మారినా, ఆయన పిల్లల పరీక్షలొచ్చినా దెబ్బ మీ బిల్లింగ్ మీదే పడుతుంది. మూసిన ఇష్యూలను కూడా ఓ పాతిక తిరగేయండి. మనిషి చదివి మూశాడా, ఎవరూ పలకలేదని బాటే మూసేసిందా అన్నది తేలిపోతుంది. నేనైతే అన్నిటికన్నా ముందు చూసేది ఇదే.

పరిష్కారం: ఆ లైబ్రరీని కోడంతా చెదరగొట్టకుండా మీ సొంత ఫంక్షన్ ఒకదాని వెనక దాచండి. రేపు మార్చాల్సి వస్తే ఒక్క ఫైలుతో పోతుంది. పాత ప్యాచ్‌ను తాజా కోడ్ మీదకు తెచ్చి, టెస్టు జత చేసి మళ్లీ పంపండి. మెయింటెయినర్ (ప్రాజెక్టును చూసుకునే మనిషి) స్పాన్సర్‌షిప్ తీసుకుంటుంటే క్లయింటు దగ్గర తీసుకున్న దాంట్లో కొంత అటు పంపడం నామోషీ ఏమీ కాదు. ఇంత చేసినా కదలిక లేకపోతే షేపింగ్ ఉన్న వేరే లైబ్రరీకి మారిపోండి.

ఒక మాట. మనుషులు తక్కువైనంత మాత్రాన ప్రాజెక్టు పచ్చిదని కాదు. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌ను నడిపేది గుప్పెడు మంది, బయటివాళ్ల కోడ్‌ను దాదాపు తీసుకోరు. అయినా 2050 వరకూ నిలబెట్టాలన్న ఉద్దేశాన్ని రాసి మరీ పెట్టుకున్నారు, టెస్టుల విషయంలో వాళ్లకు సాటి వచ్చేవాళ్లు అరుదు. పని పూర్తయిన లైబ్రరీ వేరు, గాలికొదిలేసిన లైబ్రరీ వేరు.

లక్షణం: బగ్ సరిచేశామంటారు, రిలీజ్ మాత్రం రాదు

కారణం: రిలీజ్ ఎప్పుడు చేయాలి, ఎవరు చేయాలి అన్న పద్ధతే లేదు. గవర్నెన్స్ ఫైలు (ఎవరు ఏం నిర్ణయిస్తారో రాసుకున్నది) పేరుకు ఉండొచ్చు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ బైలాస్ బీరువాలో భద్రంగా ఉండి, నిర్ణయాలన్నీ సెక్రటరీ గారింట్లో టీ తాగుతూ జరిగిపోయినట్టే ఇదీ.

పరిష్కారం: రాసింది కాదు, జరిగింది చూడండి. ఎన్నో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులున్న అపాచీ ఫౌండేషన్‌లో రిలీజ్‌కు ఓటింగ్ ఉంటుంది. ప్రాజెక్టు కమిటీ సభ్యుల నుంచి కనీసం మూడు అనుకూల ఓట్లు రావాలి, వ్యతిరేకం కన్నా అనుకూలం ఎక్కువుండాలి, మామూలుగా 72 గంటలు గడువిస్తారు. ఆ ఓట్లన్నీ మెయిలింగ్ లిస్టులో ఎవరైనా చదువుకోవచ్చు. మనవైపు కాలేజీ లైబ్రేరియన్లకు తెలిసిన కోహా సంగతీ చూడండి. న్యూజిలాండ్‌లోని ఒక లైబ్రరీ కోసం రాసిన ఈ సాఫ్ట్‌వేర్ 2000లో వాడకంలోకి వచ్చింది. ఎవరైనా ప్యాచ్ పంపితే రాసినవాళ్లు కాకుండా వేరొకరు పరీక్షించి సంతకం పెట్టాలి, తర్వాత క్యూఏ (నాణ్యత చూసే) టీము చూడాలి, ఆపైనే రిలీజ్ మేనేజర్ కలుపుతారు. ఆ మేనేజర్ని కమ్యూనిటీ ఎన్నుకుంటుంది. పెద్ద వెర్షన్ మే, నవంబర్ నెలల్లో వస్తుంది. కాలేజీవాళ్లు సెలవుల్లో అప్‌గ్రేడ్ పెట్టుకోగలిగేది ఆ తేదీలు ముందే తెలుసు కాబట్టే.

మీ ప్రాజెక్టులో ఇంత తతంగం అక్కర్లేదు. చివరి నాలుగైదు రిలీజ్‌ల తేదీలు, వాటికి గిట్‌లో ట్యాగ్ (వెర్షన్ గుర్తు) వేసినవాళ్ల పేర్లు రాసుకోండి. ప్రతిసారీ ఒకే పేరు, మధ్యలో అంతుపంతూ లేని విరామాలు కనిపిస్తే, మీకు కావలసిన కమిట్‌ను మీరే బిల్డ్ చేసుకునే (కోడ్ నుంచి ప్రోగ్రాం తయారుచేసుకునే) ఏర్పాటు ముందే చేసుకోండి.

లక్షణం: చాన్నాళ్లు పడుకున్న ప్రాజెక్టు కొత్త మనిషి రాగానే పరుగులు పెడుతోంది

సాధారణంగా సంతోషించాల్సిన విషయమే. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యూటిల్స్ సంగతి తెలిశాక ఆ సంతోషానికి ముందు కాస్త ఆరా అవసరం. జియా టాన్ అనే పేరుతో ఒకరు 2021 నుంచి ప్యాచ్‌లు పంపుతూ వచ్చారు. 2022లో ఊరూ పేరూ తెలియని ఖాతాలు కొన్ని, పని సాగట్లేదు, ఇంకొకరికి అప్పగించమని పాత మెయింటెయినర్ మీద ఒత్తిడి తెచ్చాయి. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి దూరింది. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వుకుంటూ పోతే ఆ మార్చి నెలాఖరున విషయం బయటపడింది. దొంగదారిని తెరిచే ముక్క గిట్‌లో లేదు, రిలీజ్ టార్‌బాల్‌లో (జనం దించుకునే కోడ్ మూటలో) మాత్రమే ఉంది. గిట్ హిస్టరీ ఒక్కటే చూసినవాళ్లకు అది దొరికేది కాదు.

కారణం ఒక్క మనిషి దుర్బుద్ధే కాదు. అలసిపోయిన మెయింటెయినర్ ఒక్కడే ఉండటం, కొత్తవాళ్లకు అధికారం ఇచ్చే ముందు మాట్లాడుకోవడానికి రెండో మనిషి లేకపోవడం. 2018లో ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ కోడ్ పంచుకునే చోటు)లోని ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీ కూడా ఇలాగే అపరిచితుడి చేతికి వెళ్లి, బిట్‌కాయిన్ వ్యాలెట్ల మీద కన్నేసింది.

పరిష్కారం: వెర్షన్లను హ్యాష్‌తో (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్యతో) సహా లాక్ చేయండి. నిన్న వచ్చిన రిలీజ్‌ను ఈరోజే క్లయింటు సర్వర్ మీదకు ఎక్కించకండి. అది సెక్యూరిటీ ప్యాచ్ అయితే మాత్రం ఆగొద్దు. టార్‌బాల్‌కూ గిట్ ట్యాగ్‌కూ తేడా ఉంటే ఎందుకో అడగండి. ఇష్యూ కింద ‘ఎప్పటికి అవుతుంది బ్రదర్’ అని రోజూ రాసేవాళ్లు కూడా ఆ మెయింటెయినర్ అలసటలో వాటాదారులే.

లక్షణం: లైసెన్స్ రాత్రికి రాత్రి మారిపోయింది

కారణం: కోడ్ మీద, పేరు మీద పెత్తనమంతా ఒకే కంపెనీ గుప్పిట్లో ఉంది. హాషికార్ప్ 2023 ఆగస్టులో సర్వర్లను ఏర్పాటు చేసే టూల్ టెర్రాఫామ్‌ను ఎంపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ నుంచి, వాడకానికి షరతులు పెట్టే బీఎస్ఎల్‌కు మార్చింది. డేటాను మెమరీలో దాచే రెడిస్ 2024 మార్చిలో బీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌ను వదిలేసింది. మొదటిదానికి ఓపెన్‌టోఫు, రెండోదానికి వాల్కీ అనే ఫోర్కులు (పాత కోడ్ నుంచి చీలిన ప్రాజెక్టులు) పుట్టి లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కిందకు చేరాయి. రెడిస్ 2025లో ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌ను కూడా చేర్చింది. ఈలోగా చాలామంది వాల్కీకి వెళ్లిపోయారు.

పరిష్కారం: ముందు టెన్షన్ పడకండి. పాత లైసెన్స్‌తో విడుదలైన వెర్షన్‌కు ఆ పాత లైసెన్సే వర్తిస్తుంది. మీ కోల్డ్ స్టోరేజీ సాఫ్ట్‌వేర్ లోపల కొత్త వెర్షన్‌ను వాడటానికి కొత్త షరతులు అడ్డు కాకపోవచ్చు కూడా, చదివి తేల్చుకోండి. కొత్తగా ఎంచుకునేటప్పుడు మాత్రం రెండు చూడండి. ప్యాచ్ పంపేవాళ్లతో కంపెనీ సంతకం పెట్టించుకునే సీఎల్ఏ అనే ఒప్పందంలో లైసెన్స్ మార్చుకునే హక్కు రాసుందా? కమిట్ హక్కు ఉన్నవాళ్లందరి జీతాలూ ఒకే చోటి నుంచి వస్తున్నాయా? పైథాన్ భాష వాళ్లు దీన్ని నియమంగానే పెట్టుకున్నారు. 2018లో ఆ భాషను సృష్టించిన గీడో వాన్ రాసమ్ పక్కకు తప్పుకున్నాక ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్ ఏర్పడింది. అందులో ఒకే సంస్థ ఉద్యోగులు ఇద్దరికి మించకూడదు.

లక్షణం: క్లయింటు ఐటీ మనిషి స్కోరు అడిగాడు, మనం వాడే ప్రాజెక్టుది పదికి నాలుగు

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎఫ్ స్కోర్‌కార్డ్ అనే టూల్ రిపాజిటరీని (ప్రాజెక్టు కోడ్ ఉన్న చోటును) తనంతట తానే తనిఖీ చేసి సున్నా నుంచి పది మధ్య మార్కులేస్తుంది. ఫజ్జింగ్ (అడ్డదిడ్డమైన ఇన్‌పుట్ ఇచ్చి పరీక్షించడం) లేదని, ఏదో బ్యాడ్జీ లేదని కూడా కోత పెడుతుంది కాబట్టి నాలుగు అనగానే బెదిరిపోనక్కర్లేదు. ఏ తనిఖీలో పోయాయో విడిగా చూడండి. కోడ్ రివ్యూ, బ్రాంచ్ రక్షణ (ప్రధాన కోడ్‌ను ఎవరు పడితే వాళ్లు మార్చకుండా ఆపడం), తెలిసిన లోపాలు సరిచేయడం అనే మూడింట్లో సున్నాలుంటే క్లయింటు మాట నిజం. మిగతావాటిలో పోతే ఆ రిపోర్టు మీద ఒక్కో కోతకు ఒక వాక్యం వివరణ రాసి ఇచ్చేయండి.