గ్రాఫిక్స్ కార్డు బిగించే ముందు జాగ్రత్తలు

ముందు కంప్యూటర్ లోపల కరెంటు పంచే డబ్బా, అంటే పవర్ సప్లై మీది స్టిక్కరు చదవండి. పైన పెద్దక్షరాల్లో ఉన్న వాట్లు కాదు, కార్డుకు కరెంటిచ్చే 12 వోల్టుల లైను ఎంత ఇస్తుందో చూడాలి. ఆర్‌టీఎక్స్ 3060 అనే కార్డు ఒక్కటే 170 వాట్లు లాగుతుంది. దాని తయారీ కంపెనీ ఎన్‌విడియా 550 వాట్ల సప్లై పెట్టమంటుంది. కార్డు కూర్చునే మదర్‌బోర్డు స్లాటు ఇచ్చేది 75 వాట్లే, మిగతాది 8 పిన్నుల కేబులు నుంచి రావాలి. ఆ కేబులు లేదని మోలెక్స్ (పాతకాలపు 4 పిన్నుల ప్లగ్గు) అడాప్టరు తగిలిస్తే పిన్నులు వేడెక్కి కాలిపోవచ్చు. క్యాబినెట్‌తో పాటు వచ్చిన చవక సప్లైని అసలు నమ్మొద్దు. గేము మధ్యలో సిస్టం ఆగిపోతే తప్పు కార్డుదనుకుంటారు, పాపం.

600 వీఏ (వోల్ట్-ఆంపియర్) యూపీఎస్‌లు చాలావాటికి 360 వాట్లే గరిష్ఠం. కరెంటు పోయిన క్షణంలో ఆట నడుస్తుంటే చేతులెత్తేయొచ్చు.

క్యాబినెట్‌ని ముట్టుకుంటే జివ్వుమంటోందా? ఎర్తింగు సరిచేయించాకే మిగతా పని.

సోంపేట, కళింగపట్నం లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి స్లాటు పక్క స్క్రూలు తుప్పు పడతాయి. బలవంతంగా తిప్పకండి, తల అరిగిపోతుంది.

కార్డు పొడవు, క్యాబినెట్ లోపలి జాగా టేపుతో కొలవండి, క్యాబినెట్ ముందువైపు ఉన్న ఫ్యాను మందం అందులోంచి తీసేసి.

ప్లగ్గు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి, ఇనుప భాగాన్ని తాకి మొదలెట్టండి. పాత కార్డు లాగేముందు స్లాటు చివరి లాకు నొక్కాలి. చివర్లో మానిటర్ కేబులు కొత్త కార్డుకే, మదర్‌బోర్డుకు కాదు.