ఇంటి పత్రాలు పెట్టకుండా లాడ్జికి లోన్ ఎలా తెచ్చుకోవాలి

మన తిరుపతిలో బస్టాండ్ చుట్టుపక్కల, గోవిందరాజస్వామి గుడి వీధుల్లో, తిరుచానూరు రోడ్డులో చిన్న లాడ్జీలు నడిపేవాళ్ళు రూములు బాగుచేయించాలన్నా ఏసీలు పెట్టించాలన్నా ఇంటి పత్రాలో ఆడవాళ్ళ నగలో తాకట్టు పెట్టేస్తున్నారు, లేదంటే బయట వడ్డీకి తెస్తున్నారు. దయచేసి ఆ పని చేసే ముందు గవర్నమెంట్ గ్యారంటీ లోన్ అడగండి.

మెయిన్‌గా అడగాల్సింది సీజీటీఎంఎస్ఈ. కేంద్రం, సిడ్బీ (చిన్న పరిశ్రమల కోసం ఉన్న బ్యాంకు) కలిసి 2000లో పెట్టిన ట్రస్టు ఇది. లోన్ మీ బ్యాంకే ఇస్తుంది, ఆస్తి తాకట్టు లేకుండా ఇచ్చినందుకు ఈ ట్రస్టు బ్యాంకుకి గ్యారంటీగా నిలబడుతుంది. 2025 ఏప్రిల్ నుంచి ఈ గ్యారంటీ కింద వచ్చే లోన్ లిమిట్ 10 కోట్లకి పెంచారు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఆ గ్యారంటీ బ్యాంకుకే, మనకి కాదు. కంతులు ఆగితే ముందు మననే పట్టుకుంటారు, సిబిల్ స్కోర్ (అప్పులు సరిగ్గా కడుతున్నామా అని చూపించే మార్కు) కూడా పోతుంది. ఏటా గ్యారంటీ ఫీజు ఉంటుంది, అది మామూలుగా మన మీదే వేస్తారు కాబట్టి వడ్డీతో కలిపి లెక్కేసుకోండి.

పరుపులు, గీజర్లు, పెయింటింగ్ లాంటి పనులకైతే ముద్ర (చిన్న వ్యాపారాలకి తాకట్టు లేకుండా ఇచ్చే కేంద్రం స్కీమ్ లోన్) చాలు, 10 లక్షల దాకా ఇస్తారు, ముద్రలోనే తరుణ్ అనే రకం లోన్ తీసుకుని సరిగ్గా కట్టేసినవాళ్ళకి 20 లక్షల దాకా. పీఎంఈజీపీ అనే కేంద్రం స్కీమ్ సబ్సిడీ ఇప్పిస్తామని ఎవరైనా వస్తే ఆలోచించండి, అది కొత్తగా పెట్టే యూనిట్లకి, ఆల్రెడీ నడుస్తున్న లాడ్జికి మొదటి లోన్‌గా రాదు.

ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి గవర్నమెంట్ నమోదు) చేసుకోండి. ఆధార్, పాన్ ఉంటే గవర్నమెంట్ సైట్‌లో ఫ్రీ, డబ్బులు అడిగే సైట్లు వేరేవాళ్ళవి. అందులో వ్యాపారం ఏ రకమో చెప్పే ఎన్ఐసీ కోడ్ 55101 పెట్టండి, లాడ్జీలు దాని కిందకే వస్తాయి.

ఇంక అసలు విషయం, మన దగ్గర చాలా లాడ్జీలకి లోన్ ఆగేది ఇక్కడే. రూము అద్దె క్యాష్‌లో తీసుకుంటాం, అందులోంచే లాండ్రీకి, పాలకి, రూమ్ బాయ్‌కి ఇచ్చేస్తాం, మిగిలింది మాత్రమే అకౌంట్లో పడుతుంది. మేనేజర్ స్టేట్‌మెంట్ తీస్తే సగం బిజినెస్ కనపడదు. అందుకని అప్లై చేసే ముందు కనీసం ఒక ఏడాది కలెక్షన్ మొత్తం కరెంట్ అకౌంట్లో వేసి ఖర్చులు అందులోంచే ఇవ్వండి, అరైవల్ రిజిస్టర్, జీఎస్టీ రిటర్న్, ఐటీ రిటర్న్ మూడూ ఒకే లెక్క చెప్పాలి.

బ్యాంకు ఎట్లా చూస్తుందంటే, 20 రూములు, అద్దె 1200, ఏడాది మొత్తమ్మీద సగటున 55 శాతం నిండుతాయనుకోండి, నెలకి 3,96,000 వస్తుంది. కరెంటు, జీతాలు, ఆన్‌లైన్ బుకింగ్ కమిషన్ అన్నీ పోను లక్షన్నర మిగిలితే కంతు లక్షా ఇరవై వేలు దాటకూడదు, కంతు రూపాయి అయితే మిగులు కనీసం రూపాయి పావలా ఉండాలని చాలా బ్యాంకులు చూస్తాయి. ఎండాకాలం సెలవులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రద్దీ చూసి బ్యాంకుకిచ్చే ప్రాజెక్ట్ రిపోర్టులో రూములు 90 శాతం నిండుతాయని రాయించకండి, పిల్లల పరీక్షల టైంలో ఖాళీగా ఉండే రూములకి కూడా కంతు కట్టాల్సిందే కదా. రిపేర్ నడిచేటప్పుడు రూములు మూస్తారు కాబట్టి ఆ నెలలకి మారటోరియం (కంతు వాయిదా) అడిగి సాంక్షన్ లెటర్‌లో రాయించుకోండి.

బిల్డింగ్ లీజుకి తీసుకున్నవాళ్ళు అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించుకోండి, లోన్ గడువు కన్నా లీజు గడువు ఎక్కువుండాలి. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్, ఫైర్ ఎన్ఓసీ, కొటేషన్లు కూడా ముందే రెడీ పెట్టుకోండి.

అప్లికేషన్‌లో "సీజీటీఎంఎస్ఈ కవర్ కింద" అని స్పష్టంగా రాసి ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. గ్యారంటీ ఫీజు కట్టించుకుంటూనే ఇంటి పత్రాలు కూడా అడిగితే లోన్‌లో ఎంత భాగానికి గ్యారంటీ, ఎంత భాగానికి తాకట్టు అని రాతపూర్వకంగా అడగండి, ఎందుకంటే గ్యారంటీ కింద ఉన్న భాగానికి ఆస్తి తాకట్టు తీసుకోకూడదు.