పెద్దవాళ్ల కండబలం – 3వ పాఠం: చేతులు ఆనించకుండా లేవడం

పోయిన పాఠంలో కుర్చీ చేతుల మీద బరువు వేసి లేవడం సాధన చేశాం. అది వరుసగా పదిసార్లు ఆయాసం లేకుండా వస్తేనే ఈ పాఠం మొదలుపెట్టండి. రాకపోతే ఇంకో వారం అక్కడే ఉండండి, తొందరేం లేదు. ఛాతీ నొప్పి, తల తిరగడం ఉన్నా, ఈమధ్య తుంటికో మోకాలికో ఆపరేషన్ అయినా ముందు డాక్టర్‌ని అడగాలి.

చెక్క కుర్చీని గోడకు ఆనించి, సీటు మీద గట్టి దిండు వేయండి. ఎత్తు పెరిగితే లేవడం తేలిక. అమ్మ గానీ నాన్న గానీ సీటు అంచుకు జరిగి, పాదాలు కాస్త వెనక్కి లాక్కుని, చేతులు కట్టుకోవాలి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా వంగి, ఊపిరి వదులుతూ లేవాలి. చాలామంది వంగకుండా నిటారుగా లేవబోయి వెనక్కి పడిపోతారు. మొదట్లో మీరు పక్కనే నిలబడండి. పక్షవాతం వచ్చినవాళ్లకైతే బలం తగ్గిన వైపున ఉండండి.

కూర్చునేటప్పుడు దబ్బున కూలబడకూడదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ దిగాలి. ఒంటి బరువును తొడలు ఆపుకుంటూ దిగడం కూడా వ్యాయామమే.

ఎనిమిదిసార్లు, కాస్త విశ్రాంతి, మళ్లీ ఎనిమిది. అలా మొత్తం ఎనిమిదేసి చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. చివరికి తొడలు బరువెక్కాలి. మోకాలి కీలులో పోటు వస్తే మాత్రం ఆపేయండి. మరీ తేలికైతే దిండు తీసేయండి. అదీ తేలికైతే కిలో కందిపప్పు ప్యాకెట్ గుండెకు హత్తుకుని లేవమనండి.

"ఈ వయసులో బరువులేంటి" అనేవాళ్లకు ఈ సంగతి చెప్పండి. అమెరికాలో బోస్టన్‌లోని ఒక వృద్ధుల కేంద్రంలో వైద్య పరిశోధకురాలు మరియా ఫియాటరోన్ బృందం 86 నుంచి 96 ఏళ్ల పదిమందితో 8 వారాలు కాళ్లతో బరువులు ఎత్తించింది. ఫలితాలు 1990లో వచ్చాయి. చివరిదాకా చేసిన తొమ్మిదిమందిలో తొడ బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ కండ పెరిగింది మాత్రం 9 శాతమే! కండ పెరగకముందే, ఉన్న కండను గట్టిగా పనిచేయించడం నరాలు నేర్చుకుంటాయి. కాబట్టి నెల తర్వాత కూడా కాళ్లు సన్నగానే కనిపిస్తే దిగులుపడొద్దు. సాధన ఆపేసిన 4 వారాలకే వాళ్ల బలం 32 శాతం తగ్గింది. అందుకే పండక్కి ఊరెళ్లినా అక్కడి కుర్చీ మీద చేయించండి.

వచ్చే పాఠానికి సెకన్ల ముల్లు ఉన్న గడియారం దగ్గర పెట్టుకోండి. ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో కొలుద్దాం. 12 సెకన్లు, ఆపైన పడితే ఒంటి పనితీరు తగ్గినట్టు ఆసియా నిపుణుల 2019 లెక్క.