హైబ్రిడ్ సూపర్‌కార్‌ను ట్రాక్ మీద నడపబోతున్నారా? ముందు ఈ జాగ్రత్తలు చూడండి

"సార్, కొత్త కారు ట్రాక్‌కి తెస్తున్నాం, వచ్చి నాలుగు ల్యాప్‌లు వేయండి" అని షోరూమ్ నుంచి ఫోన్ వస్తే ఎవరికైనా ఎగిరి గంతేయాలనిపిస్తుంది. బెంగళూరు, చెన్నైల్లో ఉన్న మనవాళ్లకు ఇలాంటి పిలుపులు ఇప్పుడు అరుదేమీ కాదు. కారు కొనే స్తోమత ఉన్నవాడు ఒకడైతే, వాడి వెంట "మనకూ ఒక రౌండ్ ఇస్తారా అన్నా?" అంటూ వెళ్లేవాళ్లు ముగ్గురు. ఈ నాలుగు మాటలు ఆ నలుగురి కోసం.

హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజిన్, ఎలక్ట్రిక్ మోటార్ రెండూ ఉన్న కారు. మనం రోజూ నడిపే చిన్న కారులో 80, 90 హార్స్‌పవర్ ఉంటుంది. ఫెరారీ 296 జీటీబీలో పెట్రోల్ ఇంజిన్‌ది 663, ఎలక్ట్రిక్ మోటార్‌ది 167, కలిపి 830. లంబోర్గినీ టెమెరారియోలో ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్‌తో పాటు మూడు మోటార్లు, మొత్తం 920. అంత పవర్ అంటే భయం ఎలాగూ ఉంటుంది, ఉండాలి కూడా. అయితే ఈ కార్లతో అసలు చిక్కు పవర్ కాదు. ఇవి ల్యాప్‌కీ ల్యాప్‌కీ మారిపోతాయి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఒకలా, సగమైనప్పుడు ఇంకోలా, టైర్లు కాగాక మరోలా నడుస్తాయి. రెండో ల్యాప్‌లో నేర్చుకున్న లెక్కను నాలుగో ల్యాప్‌లో గుడ్డిగా నమ్మకూడదు. నేను చెప్పే జాగ్రత్తల్లో సగానికి పైగా దీని చుట్టూనే తిరుగుతాయి.

ముందు ప్రయాణం సంగతి. మన రెండు ఊళ్లవాళ్లకూ దగ్గర్లో ఉన్న పెద్ద ట్రాక్ శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. అంతకుముందు రేసులు షోలవరం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగేవి, 1990 నుంచి ఇక్కడ. పొడవు 3.717 కిలోమీటర్లు, మలుపులు 12. చెన్నైవాళ్లు పొద్దున్నే లేచి వెళ్లిపోవచ్చు. బెంగళూరువాళ్లకు దగ్గర దగ్గర 300 కిలోమీటర్లు. రాత్రి రెండింటికి బయల్దేరి, హోసూరు, కృష్ణగిరి, వేలూరు మీదుగా లారీల మధ్య తోలుకుంటూ ఏడింటికి చేరి, కళ్లు ఎర్రగా పెట్టుకుని 900 హార్స్‌పవర్ కారెక్కడం తెలివైన పని కాదు. ముందురోజు సాయంత్రానికే చేరి పడుకోండి. గది ఖర్చు ఎంతైనా ఆ కారు టైరు ఒక్కదాని ధరలో మూలకు కూడా రాదు.

రోజు ఎంచుకునే అవకాశం మీకిస్తే జనవరి, ఫిబ్రవరి అడగండి, అదీ ఉదయం పూట. మేలో కత్తిరి ఎండలప్పుడు తారు పొయ్యిలా ఉంటుంది, హెల్మెట్‌లో తల ఉడుకుతుంది, కారు కూడా త్వరగా వేడెక్కి తన పవర్ తానే తగ్గించుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. ఈ కార్లకు ట్రాక్ కోసం వేసే టైర్లలో కొన్నిటికి గాడులు చాలా తక్కువ, నీళ్లు బయటికి తోసే దారే ఉండదు. సన్నగా తుంపర మొదలైనా పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటుకి, వచ్చేయండి. "ఇంకొక్క ల్యాప్" అనే మాట వానలో వద్దు.

కాగితాల దగ్గర మొహమాటం పనికిరాదు. వెళ్లగానే ఒక ఫారం ఇచ్చి సంతకం చేయమంటారు. దాన్ని కాఫీ తాగుతూ గీకి ఇచ్చేసేవాళ్లే ఎక్కువ. చదవండి. మామూలు మోటార్ ఇన్సూరెన్స్ పాలసీలో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటి వాడకానికి కవరేజీ ఉండదని రాసే ఉంటుంది. కాబట్టి ట్రాక్ మీద కారు గోడకి రాసుకుంటే ఆ బిల్లు ఎవరిది? కంపెనీ ఈ రోజు కోసం విడిగా పాలసీ తీసుకుందా? తీసుకుంటే అందులో మొదట ఎంతవరకు మీరు భరించాలి? బ్రేక్ డిస్కులు, టైర్లు లెక్కలోకి వస్తాయా? కార్బన్ సెరామిక్ డిస్కులంటే మాటలా, లక్షల్లో బేరం. జవాబు నోటిమాటగా కాకుండా మెయిల్‌లో తీసుకోండి. మీ సొంత ప్రమాద బీమా, ఆరోగ్య బీమా ట్రాక్ మీద దెబ్బలకు వర్తిస్తాయో లేదో కూడా వెళ్లకముందే ఏజెంటును అడగండి. అంబులెన్సు, డాక్టరు పిట్‌లో ఉన్నారో లేదో మీ కళ్లతో చూసుకోండి. లేకపోతే ఆ రోజు కారు పక్కన ఫోటో దిగి వచ్చేయండి.

బట్టలు, బూట్లు. ఒంటిని కప్పే కాటన్ చొక్కా, ప్యాంటు. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అతుక్కునే పాలిస్టర్ టీషర్టులు వద్దు. బూటు అడుగు పలచగా ఉండాలి, పెడల్ పాదానికి తెలియాలి. లావు సోల్ ఉన్న స్పోర్ట్స్ షూ ఖరీదైనదే కావచ్చు, దాంతో పక్కపక్కనే ఉన్న రెండు పెడల్స్ ఒకేసారి తొక్కేస్తారు. మెడలో గొలుసు, చేతికి కడియం, చున్నీ, జేబులో ఫోన్, అన్నీ తీసి పిట్‌లో ఇచ్చేయండి. కారులో నీళ్ల బాటిల్ అస్సలు ఉంచకండి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు అది దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా పెడల్ కిందే ఆగుతుంది. హెల్మెట్ బైకుది కాకుండా కార్ రేసింగ్‌ది అడగండి, లోపల స్నెల్ ఎస్‌ఏ స్టిక్కర్ ఉంటుంది. దాని లోపలి గుడ్డ నిప్పును తట్టుకునేలా చేస్తారు, బైకు హెల్మెట్‌కు ఆ పరీక్ష ఉండదు.

పొద్దున టిఫిన్ రెండు ఇడ్లీలతో ఆపండి. నెయ్యి పొంగల్, వడ తిని మలుపుల్లో తిరిగితే ఏమవుతుందో పక్క సీట్లో కూర్చున్నవాడికి ముందు తెలుస్తుంది. ఉప్పేసిన మజ్జిగ దగ్గర పెట్టుకుని ప్రతి సెషన్‌కీ మధ్య తాగుతూ ఉండండి.

ఇంకో మాట, మనవాళ్లకే చెప్పాల్సినది. కొత్త కారంటే చేయి ఆగదు, నిమ్మకాయలు, కొబ్బరికాయ, కర్పూరం సిద్ధం. పూజ ఇంటి దగ్గరో గుడి దగ్గరో చేసుకోండి. పిట్‌లో పెట్రోల్ ఆవిరి ఉంటుంది, కర్పూరం వెలిగించనివ్వరు. కొబ్బరి చిప్ప పెంకులు వేడెక్కిన మెత్తటి టైరుకు బంకలా అంటుకుంటాయి. నిమ్మకాయ తొక్కించిన తడి టైరుతో మొదటి మలుపు తిరగడం దేవుడికి కూడా టెన్షనే.

కారెక్కే ముందు అసలైన జాగ్రత్త ఒకటి. ఈ కార్లు చప్పుడు లేకుండానే బతికి ఉంటాయి. బటన్ నొక్కాక ఇంజిన్ గర్జిస్తుందని మనం ఎదురుచూస్తాం. ఎలక్ట్రిక్ మోడ్‌లో ఏమీ వినిపించదు. "ఆన్ కాలేదేమో అన్నా" అంటూ ఇంకోసారి నొక్కుతాం, లేదా యాక్సిలరేటర్ తాకి చూస్తాం, గేరులో ఉందా, అంతే, కారు ముందుకి దూకుతుంది. ఎదురుగా వీడియో తీస్తున్న బావమరిది ఉంటాడు. డ్యాష్‌బోర్డు మీద రెడీ గుర్తు వెలిగిందా లేదా అన్నదే సాక్ష్యం, చెవిని నమ్మొద్దు. మెక్లారెన్ ఆర్టురా అనే ఇంకో హైబ్రిడ్‌లో రివర్స్ గేరు అనేదే లేదు, వెనక్కి నడిపేది ఎలక్ట్రిక్ మోటారే. అంటే వెనక ఉన్నవాళ్లకు కూడా చప్పుడు అందకపోవచ్చు. పిట్ లేన్‌లో కారు ముందూ వెనకా ఎవరినీ నిలబడనివ్వకండి.

ఇక బ్రేకులు. దీని మీద ఇన్‌స్ట్రక్టర్ ఎంతసేపు చెప్పినా వినండి, ఆయన ఆపేస్తే మీరే అడగండి. వేగం రెండింతలైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలు. 200లో వెళ్తుంటే సెకనుకు 55 మీటర్లు పోతాం. ఒక్క సెకను స్క్రీన్ వైపు చూశారంటే అంత దూరం కళ్లు మూసుకుని నడిపినట్టే. హైబ్రిడ్‌లో దీనికి తోడు ఇంకో మెలిక ఉంది. చాలా కార్లలో బ్రేకు తొక్కితే కొంత పని డిస్కులు చేస్తాయి, కొంత పని మోటార్లు జనరేటర్లలా మారి కరెంటు పుట్టిస్తూ చేస్తాయి. బ్యాటరీ నిండుగా ఉంటే ఇక కరెంటు తీసుకోలేదు, భారమంతా డిస్కుల మీదే పడుతుంది. ఈ సర్దుబాటు కంప్యూటర్ చూసుకుంటుంది గానీ కాలికి తగిలే తీరు మారవచ్చు. టెమెరారియో ఇలా కరెంటు వెనక్కి తీసుకునే రకం. ఆర్టురా అలా కాదు, పెడల్ తీరు చెడకూడదనే బ్రేకు నుంచి కరెంటు తీసుకోకుండా దాన్ని తయారు చేశారు. మీరెక్కేది ఏ రకమో మొదటి ప్రశ్నగా అడగండి.

పాత కార్లలో బ్రేకులు కాగిపోతే పెడల్ మెత్తబడి కిందికి దిగేది, కాలికి తెలిసిపోయేది. 296 లాంటి బ్రేక్ బై వైర్ కారులో పెడల్‌కీ డిస్కుకీ మధ్య కంప్యూటర్ ఉంటుంది కాబట్టి ఆ హెచ్చరిక అంత స్పష్టంగా అందకపోవచ్చు. అందుకే ట్రాక్ పక్కన ఒక గుర్తు పెట్టుకోవాలి. మలుపుకు ముందు దూరం చూపే బోర్డులు ఉంటాయి. మీరు వేగం అందుకున్న మొదటి ల్యాప్‌లో ఏ బోర్డు దగ్గర బ్రేకు వేస్తే ఎక్కడికి నెమ్మదించిందో చూడండి. తర్వాత అదే బోర్డు దగ్గర వేసినా కారు మలుపులోకి ఇంకాస్త లోపలికి చొచ్చుకుపోయిందా? చాలు, ఆ సెషన్ అక్కడితో ఆపి చల్లారుస్తూ పిట్‌కి రండి. బ్రేకు నూనె చివరిసారి ఎప్పుడు మార్చారో కూడా అడగండి, అది గాలిలో తేమను పీల్చుకునే నూనె, చెన్నై గాలి సంగతి మనకు తెలిసిందే.

బ్రేకు ఎప్పుడూ స్టీరింగ్ సూటిగా ఉండగానే వేయాలి. మలుపులోకి దిగాక భయం వేసి తొక్కడం, లేదా యాక్సిలరేటర్ నుంచి కాలు ఠక్కున లాగేయడం, ఈ రెండింటితోనే కొత్తవాళ్ల కార్లు ఎక్కువగా గిర్రున తిరిగి వచ్చిన దారి వైపు ముఖం పెట్టి నిలబడతాయి.

మలుపు దాటి బయటపడేటప్పుడు పవర్ ఇచ్చే తీరు వేరు. టర్బో ఇంజిన్‌లో తొక్కిన తర్వాత చిన్న ఆలస్యం ఉంటుంది, కాలికి అదో గ్రేస్ టైమ్. ఎలక్ట్రిక్ మోటార్ ఆ ఖాళీని నింపేయడానికే పెట్టారు, తొక్కిన క్షణానే లాగుతుంది. ఆర్టురా, 296 రెండూ వెనక చక్రాలతో నడిచేవే. స్టీరింగ్ ఎంత వంకరగా ఉంటే కాలు అంత తేలిగ్గా ఉండాలి, చక్రం సూటి అవుతున్న కొద్దీ తొక్కుతూ పోవాలి. టెమెరారియోలో రెండు మోటార్లు ముందు చక్రాలను లాగుతాయి కాబట్టి ధైర్యం ఎక్కువిస్తుంది, అక్కడే మనిషి హద్దు మరిచిపోతాడు. కారు జారిపోకుండా కాపాడే ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ కంట్రోల్ ఆపేయమని పక్కవాడు ఎంత ఎగదోసినా ముట్టుకోకండి.

బ్యాటరీ వీటిలో చిన్నదే. 296లో 7.45 కిలోవాట్ అవర్, అంటే మన ఇంటి కరెంటు మీటర్ లెక్కలో ఏడున్నర యూనిట్లు. టెమెరారియోలో 3.8. ఫెరారీలో క్వాలిఫై అనే మోడ్ ఉంది, అందులో ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేస్తుంది. మొదటి సెషన్‌కి పెర్ఫార్మెన్స్ మోడ్ చాలు, బ్యాటరీని కాపాడుకుంటూ నడుస్తుంది, కారు ఎప్పుడూ దాదాపు ఒకేలా స్పందిస్తుంది. క్వాలిఫై జోలికి ఇన్‌స్ట్రక్టర్ చెబితేనే, అదీ ట్రాక్ పూర్తిగా అలవాటయ్యాకే వెళ్లండి.

మొదటి ల్యాప్ పక్క సీట్లో కూర్చుని చూడండి. రెండోది మీరు నడిపినా నెమ్మదిగానే, చల్లటి టైరుకు పట్టుండదు, దారిలో ఏముందో కూడా తెలియదు. 2011లో గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ ప్రాక్టీసుకే కుక్క అడ్డొచ్చి సెషన్ ఆపాల్సి వచ్చింది, మన సెషన్ దానికో లెక్కా? జెండాలు బ్రీఫింగ్‌లో చెబుతారు. పసుపంటే ముందు ప్రమాదం, నెమ్మదించు, దాటొద్దు. ఎరుపంటే సెషన్ ఆగింది, నెమ్మదిగా పిట్‌కి రా. నీలం అంటే వెనక వేగంగా వస్తున్నవాడికి దారివ్వు. ఇన్‌స్ట్రక్టర్ తమిళంలో చెబుతాడో ఇంగ్లీషులో చెబుతాడో, హెల్మెట్‌లో ఏదీ సరిగ్గా వినబడదు. బ్రేకుకీ, ఆగుకీ చేతి సైగలు ముందే అనుకోండి.

చివరి ల్యాప్ చల్లార్చడానికే. బ్రేకు దాదాపు ముట్టుకోకుండా, నిదానంగా, పూర్తి ల్యాప్ తిరగండి. ఎర్రగా కాగిన డిస్కుల మీద పార్కింగ్ బ్రేకు బిగిస్తే ప్యాడ్ అక్కడే అంటుకుపోయే ప్రమాదం ఉంది. ఆగాక ఏం చేయాలో టెక్నీషియన్‌ను అడిగి చేయండి, చక్రాలకు చెక్క అడ్డు పెట్టడం వాళ్లకు అలవాటే. నీళ్లు మాత్రం పోయకండి. టైర్ల గాలి వెంటనే కొలిపించండి, వేడికి ఐదారు పీఎస్‌ఐ పెరగడం మామూలే, అందుకే ట్రాక్‌కు మొదలుపెట్టే లెక్క వేరుగా ఉంటుంది.

కారు తగిలినా, బ్యాటరీ ఎర్ర హెచ్చరిక వచ్చినా, పొగ కనిపించినా ఎండుగడ్డి మీద ఆపకండి, ఎగ్జాస్ట్ వేడికే గడ్డి అంటుకుంటుంది. మార్షల్ (ట్రాక్ పక్కన జెండాలు చూపే, సాయానికి వచ్చే మనిషి) ఉన్న చోటుకు వీలైనంత దగ్గరగా, తారు మీద ఆపి, ట్రాక్ వైపు కాకుండా అవతలి వైపు దిగి దూరం జరగండి. నారింజ రంగు తీగలు ఎక్కడ కనిపించినా చేయి పెట్టొద్దు, అవి హైవోల్టేజీవి. పెద్ద దెబ్బ తగిలితే ఆ కరెంటు దానంతటదే తెగేలా అమరిక ఉంటుంది. అయినా నలిగిన బ్యాటరీ కొన్ని గంటల తర్వాత కూడా అంటుకోవచ్చు. కాబట్టి ఆ కారును షెడ్డులో మిగతా కార్ల పక్కన పెట్టనివ్వకండి, బయట ఖాళీ చోట ఉంచమనండి.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో మీ సొంత కారు తాళాలు ఆ రోజు ట్రాక్ ఎక్కని మనిషికి ఇవ్వండి. 200 చూసిన కళ్లకు వేలూరు రోడ్డు మీద 100 నత్తనడకలా కనిపిస్తుంది, ముందు లారీ ఎంత దూరంలో ఉందో లెక్క తప్పుతుంది. అలాంటి మనిషి లేకపోతే శ్రీపెరంబుదూరులోనే భోంచేసి రెండు గంటలు నడుం వాల్చి, మీటరు మీద కన్నేసి 80 దాటకుండా బయల్దేరండి.