గ్రాఫైట్‌లో పోరాసిటీ పెరిగితే యంగ్స్ మాడ్యులస్ ఎంత పడిపోతుంది? ఇలా కొలవండి

డేటా షీట్‌లో సాంద్రత 1.78 అని కనిపిస్తే చాలామంది చూసి వదిలేస్తారు. రంధ్రం ఒక్కటీ లేని గ్రాఫైట్ స్ఫటికం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.26 గ్రాములు. 1.78ని 2.26తో భాగించి ఒకటిలోంచి తీసేస్తే 0.21 వస్తుంది, అంటే మీ చేతిలో ఉన్న దిమ్మలో ఐదో వంతు పైగా ఖాళీయే. ఆ ఖాళీ (దీన్నే పోరాసిటీ అంటారు) యంగ్స్ మాడ్యులస్‌ని, అంటే పదార్థం సాగకుండా, వంగకుండా ఎంత బిగుతుగా నిలబడుతుందో చెప్పే అంకెని, ఎంత తినేస్తోందో తేల్చడానికి పెద్ద మెషీన్లు అక్కర్లేదు. కాకపోతే ఒకే ముక్కని ముందూ తర్వాతా కొలవాలి. రెండు వేర్వేరు గ్రేడ్లు తెచ్చి పోల్చి తేడా అంతా పోరాసిటీ మీదకి నెట్టేయడం దండగ పని, ఎందుకంటే తయారీకి వాడిన కోక్ (ముడి కార్బన్) వేరు, గ్రెయిన్ (రేణువు) సైజు వేరు, ఏ తేడా దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

ముక్క కోసం ఈడీఎం (కరెంటు స్పార్కులతో లోహాన్ని చెక్కే పని) చేసే టూల్ రూముల్లో అడగండి, హైదరాబాద్‌లో ఉంటే బాలానగర్ వైపు వెళ్లండి. ఐసోస్టాటిక్ గ్రేడా (అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కి చేసినది), ఎక్స్‌ట్రూడెడా (అచ్చులోంచి ఒకే దిశలో తోసి చేసినది) కనుక్కోవడం మర్చిపోకండి: ఎక్స్‌ట్రూడ్ చేసినదాంట్లో గ్రెయిన్ వెంబడి మాడ్యులస్ ఎక్కువ, అడ్డంగా తక్కువ, కాబట్టి ఎటు కోశారో ముక్క మీదే గుర్తు పెట్టుకోవాలి. 100 మి.మీ. పొడవు, 20 వెడల్పు, 5 మందం ఉండేలా కోయించుకోండి. మాస్క్ తప్పనిసరి. గ్రాఫైట్ పొడి కరెంటుని పోనిస్తుంది కాబట్టి ల్యాప్‌టాప్ దగ్గర అస్సలు రుద్దొద్దు.

ముందు 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, చల్లారాక తూచి, మైక్రోమీటర్‌తో కొలతలు తీసుకోండి. మందం మాత్రం నాలుగైదు చోట్ల చూడాలి, లెక్కలో అది ఘనంగా వస్తుంది కాబట్టి ఒక శాతం తప్పితే మాడ్యులస్ మూడు శాతం తప్పుతుంది.

ఇప్పుడు మోగించాలి. రెండు చివర్ల నుంచీ పొడవులో 0.224 వంతు దూరంలో, అంటే 22 మి.మీ. దగ్గర, సన్నని దారాల మీద ముక్కని ఆనించి, మధ్యలో చిన్న స్టీలు బాల్‌తో మెల్లగా తట్టండి. టంగుమని మోగుతుంది. ఫోన్‌లో స్పెక్ట్రమ్ చూపించే యాప్ పెట్టుకుంటే ఫ్రీక్వెన్సీ అక్కడే కనిపిస్తుంది. కొలతలన్నీ కిలోలు, మీటర్లలోకి మార్చుకుని, ద్రవ్యరాశిని ఫ్రీక్వెన్సీ వర్గంతోనూ పొడవు ఘనంతోనూ గుణించి, వెడల్పుతోనూ మందం ఘనంతోనూ భాగించి, 0.9465తో గుణిస్తే మాడ్యులస్ వస్తుంది. ఈ సైజు ముక్కకైతే దాన్ని 1.0165తో కూడా గుణించాలి. ముక్క 17.8 గ్రాములుండి 1200 హెర్ట్జ్ దగ్గర మోగితే సుమారు 9.9 గిగాపాస్కల్, ఇది మామూలు ఐసోస్టాటిక్ గ్రాఫైట్‌కి నమ్మదగిన అంకె. పద్ధతి వివరాలు ఏఎస్‌టీఎం ఈ1876 అనే పరీక్షా ప్రమాణంలో ఉంటాయి. గ్రాఫైట్‌కే ప్రత్యేకంగా సీ747 ఉంది.

పోరాసిటీ పెంచాలంటే ముక్కని కొంచెం కొంచెంగా కాల్చాలి. మఫిల్ ఫర్నేస్‌లో (ల్యాబుల్లో వాడే మూసిన కరెంటు కొలిమి) గాలి ఆడేలా 550 డిగ్రీల దగ్గర పెట్టి, మధ్యమధ్యలో తీసి తూచండి. పొగ బయటికి పోయే దారి ఉండాలి, కార్బన్ మోనాక్సైడ్‌తో ఆటలొద్దు. త్వరగా అయిపోతుందని 800కి పెంచితే పైపొర మాత్రమే కాలి ముక్క సన్నబడుతుంది, లోపలి రంధ్రాలు అలాగే ఉంటాయి, అంటే మీరు కొలవాలనుకున్నది జరగనే జరగదు. బరువు రెండేసి శాతం తగ్గినప్పుడల్లా చల్లార్చి, కొలతలన్నీ మళ్లీ తీసుకుని, మళ్లీ మోగించండి.

నాలుగైదు పాయింట్లు వచ్చాక అడ్డంగా పోరాసిటీ, నిలువుగా మాడ్యులస్ యొక్క సహజ లాగరిథమ్ వేస్తే దాదాపు సరళరేఖ వస్తుంది. మైనస్ గుర్తు తీసేస్తే ఆ వాలే మనకి కావాల్సిన గుణకం. గుండ్రటి రంధ్రాలు అక్కడక్కడా ఉంటే అది 2 చుట్టుపక్కల ఉండాలి. అంతకంటే బాగా ఎక్కువ వచ్చిందంటే రంధ్రాలు పల్చగా, పగుళ్లలా ఉన్నాయన్నమాట. అసలు సంగతి ఇక్కడే ఉంది: శాతం ఒక్కటే కాదు, రంధ్రం ఆకారం కూడా చూడాలి. దాదాపు 2800 డిగ్రీల నుంచి చల్లారేటప్పుడు స్ఫటికం పొరలకి అడ్డంగా బాగా కుంచించుకుపోతుంది, పొరల వెంబడి దాదాపు కదలదు, దాంతో పొరల మధ్య మ్రొజోవ్‌స్కీ పగుళ్లు పడతాయి. వీటి ఘనపరిమాణం చాలా తక్కువ, మాడ్యులస్‌కి చేసే నష్టం మాత్రం చాలా ఎక్కువ. మళ్లీ వేడి చేస్తే అవి మూసుకుంటాయి, అందుకే మిగతా చాలా పదార్థాలకి భిన్నంగా గ్రాఫైట్ మాడ్యులస్ వేడితో పెరుగుతుంది, రెండు వేల డిగ్రీలు దాటేదాకా!

గీతని సున్నా పోరాసిటీ దాకా పొడిగించి, అదే స్ఫటికం మాడ్యులస్ అని మాత్రం రాయకండి. స్ఫటికానికి పొర వెంబడి వెయ్యి గిగాపాస్కల్ పైన ఉంటుంది, పొరలకి అడ్డంగా 36 దగ్గర. మీకొచ్చే అంకె పగుళ్లున్న, దిశలన్నీ కలగలిసిన గ్రెయిన్లది.

బ్రిటన్ ఏజీఆర్ రియాక్టర్ల (కార్బన్ డయాక్సైడ్‌తో చల్లబరిచే అణు రియాక్టర్లు) మోడరేటర్ గ్రాఫైట్ మీద, అంటే న్యూట్రాన్ల వేగం తగ్గించే గ్రాఫైట్ మీద, వచ్చిన పేపర్లతో మీ గుణకాన్ని పోల్చాలనుకుంటే ఇంకో చిక్కుంది. ఆ రియాక్టర్లలో రేడియేషన్ వల్ల కార్బన్ డయాక్సైడే గ్రాఫైట్‌ని తింటుంది కాబట్టి అక్కడ చాలాసార్లు అడ్డంగా బరువు నష్టమే వేస్తారు. మీ గుణకాన్ని 0.79తో, అంటే ఒకటిలోంచి మొదటి పోరాసిటీ తీసేయగా మిగిలినదాంతో గుణించాకే పక్కపక్కన పెట్టండి.